దుకాణానికీ దుకాణానికీ మధ్య

ఇంగ్లీషులో 'పబ్ క్రాల్' అనే మాట ఒకటుంది. మిత్రులు నలుగురు కలిసి ఒక రాత్రి ఒక బారులో మొదలుపెట్టి, అక్కడి నుంచి రెండోదానికీ మూడోదానికీ నడుచుకుంటూ పోయి, చివరకు కాళ్ళు నిలవని స్థితికి వచ్చేదాకా సాగించే తిరుగుడును ఆ మాట చెబుతుంది. అందులో రెండో పదానికి పాకడం అని అర్థం. కనుక మాటలో కొంత వేళాకోళం ఉంది గాని నింద లేదు. సరిహద్దు ప్రాంతాల తెలుగువారి వాడుక మాటల పట్టిక తయారుచేస్తున్న మా విద్యార్థులు దీనికి తెలుగు ఏమిటని అడిగారు. వెంటనే జవాబు చెప్పలేక వారం రోజులు గడువు తీసుకున్నాం. ఆ వారంలో మొదలైన ఆలోచనే ఈ వ్యాసం.

విద్యార్థులు పోగుచేసి తెచ్చిన మాటలు ఇవి: తాగి తిరగడం, కొట్ల వెంట తిరగడం, దుకాణాలు పట్టుకుని తిరగడం, కొంపా గోడూ లేకుండా తిరగడం. వీటిలో ఒక్కటీ తాగినవాడు తన గురించి తాను మామూలుగా చెప్పుకునే మాట కాదు. "నిన్న రాత్రి తాగి తిరిగాం" అని ఎవరైనా అంటే అది పశ్చాత్తాపమైనా కావాలి, ప్రగల్భమైనా కావాలి. ఈ మాటలు అనేవారు ఇంట్లో ఉన్నవాళ్ళు: భార్య, తల్లి, పొద్దుపోయినా తలుపు గడియ వేయకుండా కూర్చున్న మనిషి. మాట్లాడే మనిషి ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడన్నది భాషాశాస్త్రంలో ముఖ్యమైన ప్రశ్న. 'రా' అన్న మాటకూ 'పో' అన్న మాటకూ తేడా ఆ నిలబడిన చోటును బట్టే తెలుస్తుంది. తాగుడు విషయంలో తెలుగు భాష గడప లోపల నిలబడి మాట్లాడుతుంది.

'తిరుగు' అనే క్రియనే చూడండి. ఊళ్ళు తిరగడంలో సంచారం ఉంది, తిరిగి రావడంలో రాక ఉంది. కన్నడంలోనూ 'తిరుగు' ఇంచుమించు ఈ రెండు పనులూ చేస్తుంది. తమిళం మాత్రం ఈ కుటుంబానికే చెందిన రెండు రూపాలను వేరుచేసుకుంది. సంచరించడానికి 'తిరి', మరలి రావడానికి 'తిరుంబు'. తెలుగులో పోయినవాడు తిరిగేదీ తిరిగి వచ్చేదీ ఒకే మాట మీద నడుస్తాయి. దీని మీద పెద్ద సిద్ధాంతమేదీ కట్టనక్కరలేదు. కాని "వాడు తిరుగుతున్నాడు" అనే ఇల్లాలి మనసులో "ఎప్పుడు తిరిగి వస్తాడు" అన్న ప్రశ్న కూడా ఉంటుందని మనందరికీ తెలుసు.

సాహిత్యం మాత్రం గడప దాటి తిరిగేవాడి వెంట నడిచింది. వాడికి కనబడిన ఊరును చూపించింది, వాడి మాటలు వినిపించింది, మనల్ని నవ్వించింది. భాష ఒక చోట నిలబడి, సాహిత్యం మరో చోట నిలబడి ఒకే రాత్రిని చూస్తున్నాయన్నమాట. ఈ రెండు చూపులనూ పక్కపక్కన పెట్టడం విమర్శ చేయవలసిన పని అని మా అభిప్రాయం. అందుకు మూడు రచనలను తీసుకుంటున్నాం.

ముందుగా ఒక చిన్న సంగతి. ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి పోవాలంటే అసలు రెండు దుకాణాలుండాలి. పల్లెలో కల్లుపాక తోపు పక్కన ఒకటే. దింపిన కల్లు పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది కనుక అది చెట్లకు దూరంగా పోలేదు. అక్కడ కూర్చోవడమే గాని తిరగడం లేదు. తిరగడానికి వీధులున్న పట్టణం కావాలి. పేర్లు కూడా ఈ కథే చెబుతాయి. కల్లు అన్నది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు: తమిళంలో 'కళ్', కన్నడంలో 'కళ్ళు'. సారా కూడా తమిళ 'సారాయం', కన్నడ 'సారాయి'లకు తోబుట్టువే. పాక మనదే గాని, పట్టణంలో తాగే చోట్లకు వచ్చిన పేర్లు చాలావరకు పాలించినవారి వెంట వచ్చాయి. దుకాణం ఉర్దూ దారిన వచ్చింది. కాంపౌండు, బారు, బ్రాందీ షాపు, వైన్ షాపు, పర్మిట్ రూము ఇంగ్లీషు దారిన వచ్చాయి. తమిళనాట 2003లో చిల్లర అమ్మకం మొత్తం ప్రభుత్వ సంస్థ చేతిలోకి వెళ్ళాక, ఆ సంస్థ పేరైన 'టాస్మాక్' జనం నోట దుకాణానికే పేరయిపోయింది. సరుకు పేరు ఇంటిది, చిరునామా మాత్రం సర్కారుది.

ఇక మొదటి రచన మత్తవిలాస ప్రహసనం. ఏడో శతాబ్ది తొలి భాగంలో కంచిని ఏలిన పల్లవ మహేంద్రవర్మ దీన్ని సంస్కృత ప్రాకృతాలలో రాశాడు. తిరువనంతపురం గ్రంథమాలలో గణపతిశాస్త్రి 1917లో అచ్చువేయించేదాకా పండితలోకానికి ఇది అందుబాటులో లేదు. సత్యసోముడనే కాపాలికుడు, అతని తోడు దేవసోమ, ఇద్దరూ తప్పతాగి కంచి వీధుల్లోకి వస్తారు. అప్పటికే ఒక విడత అయిపోయింది. మత్తులో ఆమె పేరు తడబడి పలికినందుకు అలక, దానికి పరిహారంగా ఇక తాగనని అతని ప్రతిజ్ఞ, నాకోసం నీ తపస్సు చెడగొట్టుకోవద్దని ఆమె బతిమాలడం, ఆ వెంటనే మరో సురాపణానికి ప్రయాణం. ఆ దుకాణం కాపాలికుడి కంటికి యజ్ఞశాలలా కనబడుతుంది. మద్యం సోమరసం, తాగుబోతులు ఋత్విక్కులు, దుకాణదారు యజమాని. నవ్వు పుట్టేది పోలిక కుదరనందువల్ల కాదు, మరీ బాగా కుదిరినందువల్ల.

అక్కడే అతనికి తన కపాలపాత్ర పోయిందని తెలుస్తుంది. ఇచ్చిన మద్యం పోయించుకోవడానికి చేతిలో ఏమీ లేదు. ఆ పాత్రలో కాల్చిన మాంసం ఉంది కనుక ఎత్తుకుపోయింది కుక్క అయినా కావాలి, బౌద్ధ భిక్షువైనా కావాలని అతని అనుమానం. అక్కడి నుంచి నాటకం వెతుకులాటగా మారుతుంది. నాగసేనుడనే భిక్షువు దొరుకుతాడు. తగవు తీర్చడానికి పాశుపతుడు వస్తాడు. న్యాయస్థానానికి పోదామంటే, విహారాల సొమ్ము ఉన్నవాడి ముందు మన మాట చెల్లదని దేవసోమ భయం. చివరకు ఒక పిచ్చివాడు కుక్క నోటి నుంచి లాక్కున్న కపాలంతో ప్రత్యక్షమవుతాడు. దుకాణంలో గడిచినది కొద్దిసేపే. మతాల కలహం, న్యాయస్థానాల లంచగొండితనం, తన విహారపు భోజనాన్ని తలుచుకుని మురిసే భిక్షువు, ఇవన్నీ కనబడేది బజారులోనే. పాత్ర పోవడం వల్లనే వాళ్ళు ఊరు చూశారు, వాళ్ళ వెంట మనమూ చూశాం. రాజు అయి ఉండి తన రాజధానిని ఒక తాగుబోతు కళ్ళతో చూపించడం మహేంద్రవర్మ చేసిన సాహసం.

ఈ ప్రహసనంలో ఇంకొక విశేషముంది. దేవసోమ ఇంట్లో ఎదురుచూడడం లేదు, వెంట నడుస్తోంది. ఆమె కూడా తాగింది, ఆమె కూడా వెతుకుతోంది. ఇంటి గడప అన్నదే ఈ నాటకంలో లేదు. నవ్వు ఇంత తేలికగా సాగడానికి అది కూడా ఒక కారణం.

రెండోది క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయని పేరుతో ఉన్న ఈ వీథి రూపకాన్ని మానవల్లి రామకృష్ణకవి వెలికితీశారు. శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. కర్తృత్వ చర్చ ఇక్కడ మనకు అవసరం లేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లు చూస్తూ తిరుగుతారు. మద్యం దీనికి కేంద్రం కాదు. వాళ్ళు ఆగే చోట్లు వేరు: ఒక రూకకు కడుపునిండా పెట్టే పూటకూళ్ళ ఇల్లు, పల్నాటి వీరుల కథ పాడే చోటు, కోడిపందెం, మాచల్దేవి చిత్రశాల. అయినా దీన్ని ఇక్కడికి తేవడానికి కారణముంది. ఇద్దరు మిత్రులు పని లేకుండా ఒక చోటి నుంచి మరో చోటికి పోతూ, చూసిన ప్రతిదాని మీదా వ్యాఖ్య చేస్తూ సాగే నడక తెలుగులో ఇంత నిండుగా ఇంకెక్కడా లేదు. చరిత్రకారులు ఓరుగల్లు సంఘజీవితానికి ఈ చిన్న పుస్తకాన్ని ఆధారంగా వాడుకుంటున్నారంటే అది ఆ నడక చలవే.

కాని ఈ నడకలో స్త్రీలు దేవసోమలాగా తోడు నడిచేవారు కారు. వారు వీధిలో చూడవలసిన వింతల జాబితాలో ఉన్నారు. మిత్రులు ఆగుతారు, వర్ణిస్తారు, ముందుకు పోతారు. వర్ణించబడినవారు మళ్ళీ వీళ్ళ గురించి ఏమనుకున్నారో రచన చెప్పదు. తరగతిలో దీన్ని 'నగర సంచార కావ్యం' అని ఎంతో గౌరవంగా బోధించాం గాని, ఆ నగరం ఎవరి కంటికి అందినదో అడగలేదు.

మూడోది కన్యాశుల్కం, అందులోనూ 1909 నాటి రెండో కూర్పులోని సారా దుకాణం రంగం. ఇక్కడ తిరుగుడు తలకిందులవుతుంది. మనుషులు దుకాణం నుంచి దుకాణానికి పోరు, ఒకే దుకాణంలోకి ఊరు నడిచి వస్తుంది. బైరాగి, హెడ్ కనిష్టీబు, శైవుడు వీరేశ, వైష్ణవుడు మనవాళ్ళయ్య, మధ్య దుకాణదారు. పగటిపూట ఒక పంక్తిలో కూర్చోనివాళ్ళు ఇక్కడ ఒక చోట కూర్చుని వేదాంతం మాట్లాడతారు. చట్టాన్ని కాపాడవలసినవాడు బైరాగి సిద్ధులకు మురిసిపోతాడు. గురజాడ ఎవరినీ ఉపదేశంతో దండించలేదు, మాట్లాడనిచ్చాడు. మద్యపాన నిరోధక సభల్లో ఉపన్యాసాలు జోరుగా సాగిన ఆ రోజుల్లో ఇలా రాయడానికి ధైర్యం కావాలి. ఎవరి యాస వారిదిగా, ఎవరి గొప్ప వారిదిగా ఉన్న ఈ సంభాషణలు వాడుక భాష ఎంత బరువు మోయగలదో చూపించాయి. ఏడో శతాబ్ది నాటి కంచి దుకాణం యజ్ఞశాల అయితే, ఈ దుకాణం మఠం అయింది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పదిహేనేళ్ళ కిందట ఇతర రాష్ట్రాల్లో తెలుగు రెండో భాషగా చదివే డిగ్రీ విద్యార్థుల కోసం నాటక భాగాల సంకలనం ఒకటి కూర్చాం. కన్యాశుల్కం నుంచి ఏ రంగం తీసుకోవాలన్న చర్చలో సారా దుకాణాన్ని పక్కన పెట్టింది మేమే. పిల్లలకు తగదన్నాం, భాష కష్టమన్నాం. రెండూ నిజమైన కారణాలు కావు. తల్లిదండ్రుల నుంచి ఆక్షేపణ వస్తుందేమోనని భయపడ్డాం. తరువాత కొన్నేళ్ళకు తరగతిలో పుస్తకం పక్కన పెట్టి ఆ రంగాన్ని చదివించినప్పుడు అందరూ నవ్వారు. వెనక బల్ల మీద కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. "సార్, వీళ్ళందరూ ఇంటికి ఎప్పుడు పోతారు?" అని అడిగింది.

అది అమాయకమైన ప్రశ్న అనుకుని, నాటకంలో అది అప్రస్తుతమని జవాబు చెప్పాం. ఆ రాత్రి మాత్రం మాకు మా ఊరు గుర్తుకు వచ్చింది. మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. 1980ల మొదట్లో తమిళనాట మళ్ళీ సారాయం కొట్లు తెరిచిన రోజులవి. మాకు పదకొండేళ్ళు. ఎదురింటి అత్త పొద్దుకుంగినాక మా గడప దగ్గరికి వచ్చి, "అబ్బోడా, మీ మామ యాడుండాడో రవంత చూసొస్తావా?" అని అడిగేది. ఆడది కొట్టు కాడికి పోరాదు. అందుకని మేము పోయేవాళ్ళం. సంత మైదానం పక్కన ఒక కొట్టు, బస్సులు ఆగే చోట ఒకటి, చెరువు కట్ట దిగినాక ఒకటి. మొదటి దాంట్లో "ఇప్పుడే పోయినాడే" అనేవారు. రెండో దాంట్లో "ఇంకా రాలేదే" అనేవారు. మూడో దాంట్లో మామ ఉండేవాడు, లేదంటే ఎవరితోనో అత్తిబెలె వైపు పోయినాడని చెప్పేవారు. తిరిగి వచ్చేసరికి అత్త కంచం మీద కంచం బోర్లించి పెట్టి కూర్చుని ఉండేది. మామ దొరికినాడా లేదా అని అడిగేది కాదు. మా ముఖం చూస్తే ఆమెకు తెలిసేది.

ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి పోయే నడక మాకు మొదట తెలిసింది ఇలా. మేము తాగలేదు, చూసిన దాని మీద చమత్కారంగా వ్యాఖ్యానించనూ లేదు. కాని నడిచింది అదే దారి, ఎక్కిన మెట్లు అవే. సత్యసోముడు కపాలం కోసం కంచి గాలించాడు. మామ కోసం ఊరు గాలించిన పిల్లవాడికీ అతనికీ దారిలో తేడా లేదు, వెతికే వస్తువులోనే తేడా. మత్తవిలాసం మీద ఎంతకాలం పాఠం చెప్పినా ఈ పోలిక మాకు తోచలేదు. ఆ అమ్మాయి అడిగాక తోచింది.

అంటే ఈ దారిన నడిచేవారు ఒక్క రకం కాదు. తాగేవాడు ఒకడు. వాడిని వెతికేవారు రెండోవారు. మూడోవారూ ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చేరిన ఆడవాళ్ళు సారా కొట్టును మూయించారు. ఆ కథ వాచకంలో పాఠం అయి, చదివిన ఊళ్ళల్లో మరికొందరిని లేపింది. 1992లో ఆడవాళ్ళు గుంపులుగా కొట్ల మీదికి వెళ్ళారు, సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరులో సారా మీద, 1995 జనవరిలో మద్యం మొత్తం మీద నిషేధం వచ్చింది. రెండోది 1997లో సడలిపోయింది. ఆ నిషేధాలు ఎంత పనిచేశాయన్నది వేరే చర్చ. మనకు ఇక్కడ కావలసింది ఆ నడక. కొట్టు కాడికి ఆడది పోరాదన్న కట్టడిని దాటి, ఒక కొట్టు నుంచి మరో కొట్టుకు ఆడవాళ్ళు పోయారు. మా అత్త పంపలేక పంపిన పిల్లవాడి పనిని వారు తామే చేశారు.

పొరుగున కన్నడంలో జి.పి. రాజరత్నం 'రత్నన పదగళు' ఉంది. అందులో రత్న కల్లు తాగేవాడు. తాగినవాడి నోటి యాసలోనే పదాలన్నీ నడుస్తాయి. ఆ పదాల్లో అతని భార్య నంజికి పేరుంది, చోటుంది. మత్తులో ఉన్న మనిషి నోటనే ఇల్లు కూడా వినబడుతుంది. నవ్వును చంపకుండా గడపను రచనలోకి తేవచ్చునని అది నిరూపించింది. కన్నడ దేశంలో స్థిరపడిన మన తెలుగు పిల్లలు ఈ పదాలను, కన్యాశుల్కం రంగాన్ని ఒకే వారంలో చదివితే రెండూ మరింత బాగా అర్థమవుతాయి.

యానాం గురించి కూడా ఒక మాట. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, నేడు పుదుచ్చేరిలో భాగమైన ఈ చిన్న తెలుగు పట్టణం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. పన్నులు వేరు, ధరలు వేరు, కనుక చుట్టుపక్కల వారు సాయంకాలాలు అక్కడికి పోవడం అందరికీ తెలిసిన సంగతే. మన వైపు యానాం పేరెత్తితే చాలు, ముసిముసి నవ్వులు. వచ్చినవారు దుకాణాలు చూసి వెళతారు. దుకాణానికీ దుకాణానికీ మధ్య ఉన్న ఊరును, ఆ ఊరి మాటను, అక్కడ సంసారాలు చేసుకుంటున్నవారిని చూడరు. మహేంద్రవర్మ తాగుబోతుకు ఉన్నపాటి చూపు కూడా వీరికి లేకపోయింది. సత్యసోముడు కనీసం కంచి అంతా వెతికాడు.

మా నిర్ణయం ఇది. ఒక రాత్రి తిరుగుడును రాసిన రచనను తాగుడు మంచిదా చెడ్డదా అన్న తూకంతో కొలవడం తగదు. మేము సంకలనంలో చేసినట్టు దాన్ని దాచడం అంతకన్నా తగదు. అలాగని సంచార వైభవమని మురిసిపోయి ఊరుకోవడమూ చాలదు. రెండు ప్రశ్నలు అడగాలి. దుకాణాల మధ్య ఉన్న ఊరు ఎంత కనబడింది? ఆ దారిన నడిచిన తక్కినవారు ఎంత కనబడ్డారు? మొదటి ప్రశ్నకు మూడు రచనలూ గొప్పగా నిలబడతాయి. రెండో ప్రశ్న దగ్గర మత్తవిలాసం దేవసోమను చూపించి కొంత జవాబు చెబుతుంది. క్రీడాభిరామం, సారా దుకాణం రంగం మౌనంగా ఉంటాయి. ఆ మౌనం వల్ల అవి చిన్నవి కావు. కాని ఆ మౌనాన్ని చూపించకుండా పాఠం చెబితే చిన్నవాళ్ళం మనమే.

సంకలనం ఈ ఏడు తిరిగి అచ్చుకు పోతోంది. సారా దుకాణం రంగాన్ని అందులో చేర్చాం. కింద అభ్యాసంలో మొదటి ప్రశ్నగా ఆ అమ్మాయి అడిగినదే పెట్టాం. ఇక పదాల పట్టికలో 'పబ్ క్రాల్'కు ఎదురుగా ఏం రాయాలన్నది మిగిలింది. విద్యార్థులు 'బార్ల వెంట తిరగడం' అని రాసి తెచ్చారు. సరేనని సంతకం చేశాం. 'తిరగడం' పక్కన ఒక సూచన మాత్రం చేర్చమన్నాం: ఇది ఇంట్లో ఉన్నవారు అనే మాట అని.